మూడో ప్రకటన

మా ఊరి చర్చి వెబ్‌సైటు పని నా నెత్తిన ఎలా పడిందంటే, సంఘంలో కంప్యూటరు ముందు కూర్చుని జీతం తీసుకునే దాన్ని నేనొక్కదాన్నే. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో నా ఉద్యోగమే అది. నోటీసులు, పరీక్షల తేదీలు, సెలవులు సైటులో పెడుతుంటాను. "జర మా పని గూడ చూడు బిడ్డా" అన్నాడు మామ. మామ అంటే మా అవ్వకు, అంటే మా అమ్మకు, సొంత తమ్ముడు, సంఘానికి సెక్రటరీ. సరే అన్నాను. నాకు కోపం వచ్చినంత తొందరగా కాదనడం రాదు.

మాలో పెండ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా వారి కూతురికి, ఫలానా వారి కొడుక్కి పెండ్లి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఎవరూ ఏమీ చెప్పింది లేదు. మూడోసారి కూడా ఎవరూ లేవకపోతే ఇక ఆ పెండ్లికి అడ్డం లేనట్టే, ఆ వారంలోనే బాజాలు. దుబాయ్‌లో, ముంబైలో ఉన్న మావాళ్లకు కూడా తెలియాలని ఈ ప్రకటనలు సైటులో పెట్టడం మొదలుపెట్టాం. పేజీ పైకి రాగానే లింకు అందరి ఫోన్లకూ పోతుంది.

ఇందులో ఒక పట్టింపు ఉంది. అయ్యగారు నోటితో చదివాకే పేజీ కనబడాలి, ముందు కనబడకూడదు. ఒకసారి ముందే కనబడిందని పెద్దమనుషులు నన్ను నిలబెట్టి కడిగేశారు. పోనీ చదివాక పెడదామంటే ఆరాధనలో ఫోను ముట్టుకోనివ్వరు. అందుకే ముందుగానే పేజీ రాసి, టైం పెట్టి వదిలేస్తాను. ఆ టైం రాగానే సైటు దానంతట అదే పేజీని పైకి తెస్తుంది. దీన్ని షెడ్యూల్ చేయడం అంటాం. ప్రసంగం ఎంత సాగినా ప్రకటనలు పదకొండు దాటవు కనుక పదకొండున్నరకు పెడతాను. అయితే సెక్రటరీ తన ఫోనులో ఆమోదం నొక్కితే తప్ప ఏ పేజీ షెడ్యూల్‌లోకి పోదు. ఒకసారి నొక్కాక వెనక్కి తీయాలన్నా ఆయనే తీయాలి. ఆ తాళం మామ అడిగితే నేనే పెట్టి, దాన్ని తీసే పాస్‌వర్డ్ కూడా ఆయనకే ఇచ్చాను.

చెల్లె పెండ్లి కుదిరినప్పుడు మూడు ప్రకటనలూ ఒక్కసారే కూర్చుని రాసేసి, మూడు ఆదివారాలకూ షెడ్యూల్ పెట్టాను. మామ మూడూ వరసగా నొక్కేశాడు. సంబంధం తెచ్చింది ఆయనే, సంబరం ఆపుకోలేకపోయాడు. మధ్యలో ఆపాల్సి వస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

చెల్లె కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. అక్కడే నా దగ్గర ఉండి డ్యూటీకి పోయేది. ఆపరేషన్ థియేటర్లో పని. ఇంటికొచ్చాక కాళ్లు గోడకు చాపి పడుకుని, ఆ రోజు కోసిన కడుపుల గురించి అన్నం తింటున్న వాళ్ల ముందే చెప్పేది. ఎంత తిట్టినా మానేది కాదు. ఆ పని అంటే దానికి ప్రాణం. పిల్లవాడిది ఆదిలాబాద్ దిక్కు, అటవీ శాఖలో ఉద్యోగం, చూడ్డానికి నెమ్మదిగా ఉంటాడు. మొదటి ప్రకటన అయింది, రెండోది అయింది. రెండుసార్లూ పదకొండున్నరకు పేజీ పైకొచ్చింది, శుభాకాంక్షలు కుప్పలుగా వచ్చాయి.

మూడో ప్రకటనకు ముందు రోజు, శనివారం, పెండ్లి పత్రికలు ఇవ్వడానికి నేను ఆదిలాబాద్ పోయాను. పిల్లవాడి తల్లి వేడివేడి జొన్నరొట్టె, వాళ్లు భాకరి అంటారు, చేసి, పల్లీల పచ్చడి వేసి పెట్టింది. రెండు ముక్కలు తిన్నానో లేదో, ఆమె మామూలుగా అడిగినట్టు అడిగింది.

"పిల్లతోని డ్యూటీ ఈ నెలకే బంద్ చేపిస్తున్నరట గద బాయి. మీ మామ చెప్పిండు."

"ఎవలు చెప్పిండ్రు?" అన్నాను. విన్నదే మళ్లీ వినాలనిపించింది.

పిల్లవాడు పక్కనే ఉన్నాడు. తల దించుకోలేదు, తడబడలేదు. "ఆమెకు నేను గూడ పొద్దుగాల ఫోన్ల చెప్పిన. నైట్ డ్యూటీలు మా ఇంట్ల నడువయి. పెండ్లైనంక లొల్లి ఎందుకని ముందే ఖుల్లా చెప్తున్న" అన్నాడు.

నిజానికి అతను చెప్పడంలో తప్పేమీ లేదు, దాచకుండానే చెప్పాడు. నాకు మండింది మామ మీద. మమ్మల్నెవరినీ అడగకుండా మా పిల్ల ఉద్యోగాన్ని తీసుకెళ్లి వీళ్ల చేతిలో పెట్టి వచ్చాడు. భాకరి ఆకులోనే వదిలేసి లేచాను. బస్టాండుకు పోయేలోపలే చెల్లె ఫోను.

"అక్కా, చెప్పిండు. నేను చేసుకోను." ఏడవడం లేదు, అరవడం లేదు. డాక్టరుకు కత్తెర అందించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది గొంతు.

"నువ్వు ఫికర్ చెయ్యకు. నేను చూసుకుంట" అన్నాను. నా బుర్రలో అప్పుడు ఒక్కటే తిరుగుతోంది. రేపు పదకొండున్నరకు ఆ పేజీ పైకి రాకూడదు. వచ్చిందంటే దుబాయ్ దాకా అందరికీ పెండ్లి ఖాయమైపోయినట్టే, ఇక చెల్లె కాదంటే పెటాకులు చేసుకున్నదన్నట్టు చెప్పుకుంటారు.

కరీంనగర్ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని ఫోనులో సైటు తెరిచాను. మూడో ప్రకటన అక్కడే ఉంది, పక్కన చిన్న గడియారం బొమ్మ. నొక్కితే 'ఈ పేజీని మార్చే అనుమతి మీకు లేదు' అని వచ్చింది. ఆ వాక్యం తెలుగులో రాసి పెట్టింది కూడా నేనే. మామకు ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. నిర్మల్ దగ్గర ఘాట్ దిగేటప్పుడు సిగ్నల్ పూర్తిగా పోయింది. ఫోను పైకెత్తి, కిటికీలోంచి బయటపెట్టి, నానా తంటాలు పడ్డాను. కండక్టరు "చెయ్యి లోపలికి తీయమ్మా" అని కసురుకున్నాడు.

జగిత్యాల దాటాక ఒకసారి కలిసింది. "మామా, రేపటి పేజీ వాపస్ తియ్యి" అన్నాను.

"ఎందుకు?"

"చెల్లె పెండ్లి వద్దంటున్నది."

"పెండ్లి ముంగట ఆడపిల్లలు గట్లనే అంటరు. ఇంటికి రా, మాట్లాడుదాం" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్.

కొండగట్టు దగ్గర బస్సు ఆగిపోయింది. శనివారం గదా, దర్శనం చేసుకుని కొండ దిగిన వాళ్లంతా ఒక్కసారి ఎక్కారు. నిలబడడానికి కూడా చోటు లేదు. బస్సు కదలదు. అయ్యగారికి చేద్దామంటే ఆయన చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల సంఘాలకు తిరిగే మనిషి, శనివారం ఉపవాస ప్రార్థనలో ఉంటాడు, ఫోను తీయడు. పక్కన నిలబడ్డ ముసలమ్మ నా మొహం చూసి, "ఏం పరేషాన్ బిడ్డా, గింత తిను" అని కొబ్బరి ముక్క చేతిలో పెట్టింది. తినాలో పారేయాలో తెలియక అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. ఆమె మీద కూడా కోపం వచ్చింది, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

కరీంనగర్‌లో దిగి, చెల్లెను వెంటబెట్టుకుని, హుస్నాబాద్ రోడ్డులో ఉన్న మా ఊరికి ఆటోలో పోయేసరికి పొద్దు గూట్లో పడింది. మామ మా ఇంటి ముందే షామియానా వాడితో బేరమాడుతున్నాడు. బాపు, అంటే మా నాన్న, మంచం మీద కూర్చుని ఉన్నాడు. వాకిట్లో అడుగు పెట్టీపెట్టగానే నేను మొదలుపెట్టాను.

"ఎవలను అడిగి దాని నౌకరి మానిపిస్తనని ఒప్పుకొని వచ్చినవ్ మామా?"

"నౌకరిలు మస్తు దొరుకుతయి. గసువంటి సంబంధం దొరుకుతదా?" అన్నాడు మామ. "రెండు ప్రకటనలు అయినయి. ఇప్పుడు మూడోది చదవకపోతే జనం ఏమంటరో తెలుసా? పిల్లకు ఏదో ఉన్నది, గందుకే ఆగింది అంటరు. ఆ పేరు మీదవడ్డంక పోతదా?"

అది అబద్ధం కాదు. మాలో రెండు ప్రకటనల తర్వాత ఆగిపోయిన పెండ్లి గురించి ఏళ్ల తరబడి గుసగుసలాడుకుంటారు. అందుకే ఇంకా మండింది. బాపు వైపు తిరిగాను. బాపు నేల చూస్తూ, "మాటిచ్చిన బిడ్డా" అన్నాడు, అంతే. అవ్వ గుమ్మంలో నిలబడి విన్నది, లోపలికి పోయింది. చెల్లె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దాని నోట్లోని మాటలు కూడా నేనే మాట్లాడేశానేమో.

మామ వెళ్లిపోయాక లాప్‌టాప్ తెరిచాను. పేజీ నా చేతిలో లేకపోయినా సైటు నా చేతిలోనే ఉంది. మొత్తం సైటునే మూసేస్తే పేజీ ఎక్కడి నుంచి వస్తుంది? పాస్‌వర్డ్ కొడుతుంటే చెల్లె వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం చేస్తున్నవక్క?"

"సైటు బంద్ వెడుతున్న. మామ ఎట్ల చదివిస్తడో చూస్త."

"చదివేది అయ్యగారు, సైటు కాదు గద" అంది. "బంద్ వెడితే మామ వచ్చే ఆదివారం మళ్ల పెట్టిస్తడు. నువ్వు మళ్ల బంద్ వెడతవా? చదవనియ్యక్క. చదివితేనే గద అభ్యంతరం అడిగేది."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. "పిచ్చా నీకు? అందరి ముంగట నువ్వు లేస్తవా?"

"ఇంకెవలు లేస్తరు?" అంది, లాప్‌టాప్ మూత మూసింది.

తెల్లారి అందరం చర్చికి నడిచిపోయాం. మా చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. అవ్వకూ నాకూ మధ్య చెల్లె కూర్చుంది, తెల్ల చీర, నెత్తి మీద కొంగు. పాటలు పాడారు, అదీ పాడింది. ఆ రోజు అయ్యగారి ప్రసంగం ఎప్పుడూ లేనంత పొడుగు సాగింది. గోడ గడియారం పదకొండు దాటింది, పదకొండుంబావు అయింది. ఆయన ఇంకా ఓర్పు గురించే చెబుతున్నాడు. నా పేజీ ఆయన కోసం ఆగదు. సంచిలో ఉన్న ఫోను నా ఒళ్లో నిప్పులా ఉంది.

చివరికి ప్రకటనల కాగితం తీశాడు. మా బాపు పేరు చదివాడు, చెల్లె పేరు చదివాడు, పిల్లవాడి పేరు, వాళ్ల నాయన పేరు. "ఇది మూడవ ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉన్నచో..."

చెల్లె లేచింది. "అయ్యగారూ, నాకున్నది."

అందరూ తిరిగి చూశారు, అంతే. మగవాళ్ల వైపు నుంచి మామ లేచాడు. "పెండ్లి పిల్లనే అభ్యంతరం చెప్పుడు ఏడ లేదు. కూసో బిడ్డా" అన్నాడు. అది కూర్చోలేదు. దాని చెయ్యి పట్టుకుందామని నేను చెయ్యి చాపాను, అది పట్టుకోలేదు.

అయ్యగారు కళ్లజోడు తీశాడు. "ఏం అభ్యంతరం బిడ్డా?"

"నా పని ఇడిసిపెట్టమన్నరు. నేను ఇడువ. నన్ను అడగకుండనే మావోళ్లు ఒప్పుకొని వచ్చిండ్రు."

అయ్యగారు కాగితాన్ని చూశాడు, దాన్ని చూశాడు. కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు. "ఈ ప్రకటన పూర్తి కాలే. ఆరాధన అయినంక కుటుంబం నా గదికి రావాలె" అన్నాడు. సరిగ్గా అప్పుడే నా సంచిలో ఫోను కదిలింది. ఆ వరసలో ఉన్న సంచులన్నీ ఒక్కొక్కటిగా గుర్రుమన్నాయి. పదకొండున్నర అయింది. పేజీ పైకొచ్చింది.

ఆరాధన ముగిసి అయ్యగారి గదిలోకి పోయేసరికి మామ ఫోను చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తెర మీద నేను రాసిన పేజీ: మూడవ ప్రకటన పూర్తయినది, అభ్యంతరములు లేవు, వివాహం గురువారం. కింద శుభాకాంక్షలు అప్పుడే మొదలయ్యాయి. "ఆదిలాబాద్ నుంచి గూడ ఫోన్ వచ్చింది, చూసిండ్రట" అన్నాడు. "లోకమంత చూసింది. ఇగ ప్రకటన అయినట్టే. లోపల ఎవలో ఏదో అన్నరని మేమేం చెప్తం వాళ్లకు?"

నా ఒళ్లు మండిపోయింది. ఎవరూ చదవకముందే, ఎవరూ అడగకముందే 'అభ్యంతరములు లేవు' అని రాసిపెట్టిన వాక్యం అది. ప్రతి మూడో ప్రకటనకూ అదే పెట్టేదాన్ని, ఎప్పుడూ ఎవరూ లేవలేదు గనక. ఇప్పుడు అదే సాక్ష్యమై కూర్చుంది.

"నేను పూర్తి చెయ్యనిది పేజీ ఎట్ల పూర్తి చేస్తది?" అన్నాడు అయ్యగారు. నా వైపు తిరిగి, "ప్రకటన ఉపసంహరించుకున్నమని ఇప్పుడే పెట్టమ్మా" అన్నాడు. అక్కడే నిలబడి ఫోనులో రాశాను. 'అనివార్య కారణాల వల్ల' అని మొదలుపెట్టాను. చెల్లె నా భుజం మీది నుంచి చూస్తోంది.

"అనివార్యం ఏందక్క? పెండ్లి పిల్లకు ఇష్టం లేదని రాయి" అంది.

అట్లాగే రాశాను. ఈసారి షెడ్యూల్ పెట్టలేదు. కానీ ఆమోదం మామ నొక్కాలి. ఆయన ఫోను మోగింది, పేజీ వచ్చింది, ఆయన చూశాడు. బొటనవేలు కదలలేదు. "బావ చెప్పాలె. మాటిచ్చింది బావ" అన్నాడు. బాపు తలుపు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అవునని అనడు, కాదని అనడు. చెల్లె పెదవి కొరుక్కుంటోంది, అప్పటిదాకా గట్టిగా ఉన్నది అప్పుడే కూలిపోయేలా ఉంది. నేను మామ చేతిలోంచి ఫోను గుంజుకుందామా అని ఆలోచిస్తున్నాను, నిజంగానే.

"తమ్మి, నొక్కు" అంది అవ్వ.

"నీకు తెల్వదక్క, నువ్వు ఊకో."

"గీ చర్చిలనే నాది గూడ చదివిండ్రు. మూడుసార్లు. మూడుసార్లు నాకు అభ్యంతరముండె. లేద్దామని కాళ్లు కూడదీసుకున్న, లేవలేకపోయిన." అవ్వ గొంతు పెంచలేదు. "నిన్ను ఎత్తుకొని పెంచిన దాన్ని చెప్తున్న, నొక్కు."

మామ నొక్కాడు. నేను తెర వైపు చూడలేదు, ఎవరూ చూడలేదు. చెల్లె, నేను అవ్వనే చూస్తున్నాం. నాకు భయం వేసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి ఒక్కసారి ఎవరో అయిపోయింది. బాపు చెప్పులు కింద వేసి, తొడుక్కుని, బయటికి నడిచాడు.

ఇంటికొచ్చాక ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆదిలాబాద్ వాళ్లు తిట్టాల్సిన తిట్లు తిట్టారు, పడ్డాను. చెల్లె డ్యూటీకి పోవాలని జడ వేసుకుంటోంది. అవ్వ అరుగు మీద కూర్చుని బియ్యం కడుగుతోంది. బాపు చాలాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగి, వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అప్పుడు నీకేం అభ్యంతరముండె?"

అవ్వ తలెత్తలేదు. "టీచర్ ట్రైనింగుకు సీటొచ్చింది నాకు. పిల్లగానికి ఇష్టం లేదు, సదువు బంద్ వెట్టమని మీ బాపు కబురు వంపిండు."

"నేనట్ల అనలే" అన్నాడు బాపు. "నాకు ఆ సీటు ముచ్చటే తెల్వది. నన్నెవలడిగిండ్రు?"

అవ్వ చెయ్యి బియ్యం నీళ్లలో ఆగిపోయింది. లోపల చెల్లె దువ్వెన చప్పుడు కూడా ఆగింది.

"అడిగితే ఏమనేటోనివి?" అంది అవ్వ.

బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "సదువుకొమ్మనేటోన్ని" అన్నాడు.